ఆదివారం పడని వాన

ఇరవై ఆరేళ్లపాటు మా ఊళ్లో ఆదివారం నాడు ఒక్క చుక్క వాన పడలేదు. ఈ మాట నేను అనడం లేదు, వానల లెక్కలు దాచే ఆఫీసు వాళ్ల కాగితాల్లో ఉంది. జూలై అయినా ఆగస్టు అయినా, వారం రోజులు ముసురు పట్టి ఊరంతా నాచు పట్టిపోయినా, ఆదివారం ఎదురుగా సున్నా. సోమవారం మాత్రం కుండపోత. మా ఊళ్లో వాన కూడా బాప్తిస్మం తీసుకున్నట్టుందని నవ్వుకున్నారట వాళ్లు.

దీనంతటికీ కారకుడు మా నాన్న, ఎలీయాజరు మాస్టరు.

మా ఊరు కుసుంపదర్. రాయగడ పక్క కొల్నార నుంచి లోపలికి ఏడు కిలోమీటర్లు, కొండ వాలులో ఉంటుంది. నాన్న పాలకొండ పక్క నుంచి డెబ్భై ఐదులో ఇక్కడి మిషన్ బడికి పంతులుగా వచ్చాడు. వచ్చిన రెండేళ్లకి ఎవరో జీపులో దిగి, బడి ఆవరణలో చిన్న దిమ్మ కట్టి, దాని మీద ఒక డబ్బా బిగించి వెళ్లారు. పైన గరాటు, లోపల సీసా, దానికో తాళం. పక్కనే గీతలున్న గాజు గ్లాసొకటి. రోజూ పొద్దున్న సరిగ్గా ఎనిమిదిన్నరకి సీసాలో నీళ్లు గ్లాసులో పోసి, కంటికి ఎదురుగా పట్టుకుని, ఎన్ని మిల్లీమీటర్లో పుస్తకంలో రాయాలి. నెలకోసారి ఆ కాగితం పంపాలి. అంతే పని.

అంతే పనిని నాన్న ఎంత చేశాడో చెబితే మీరు నమ్మరు. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. మలేరియాతో వణుకుతూ దుప్పటి కప్పుకుని వెళ్లి కొలిచాడు. నేను పుట్టింది ఒక మంగళవారం, పొద్దున్న ఎనిమిదీ ఇరవైకి. ఆయన నా మొహం చూసింది తొమ్మిదికి. మధ్యలో పధ్నాలుగు మిల్లీమీటర్లు రాసుకుని, కొలిచిన నీళ్లు అమ్మ పెంచే కరివేపాకు మొక్కకి పోసి, అప్పుడొచ్చాడు. "ఆ డబ్బాకే తాళి కట్టవలసింది మీ నాన్న" అనేది మా అమ్మ ప్రేమలీల. నాకు పదేళ్లొచ్చేదాకా ఆ డబ్బా అంటే సవతి అక్క మీద ఉండేంత కోపం.

ఆదివారం మాత్రం తాళం తీసేవాడు కాదు. ఆ గడిలో చిన్న అడ్డగీత గీసేవాడు. సోమవారం రెండు రోజుల నీళ్లూ కలిపి కొలిచేవాడు. "సీసాలో నీరెక్కడికీ పోదు గదా" అనేవాడు. చుక్క కూడా వృథా చేయలేదని ఆయనకి తృప్తి. ఆఫీసులో టైపు చేసేవాళ్లు అడ్డగీత చూసి సున్నా కొట్టుకుంటూ పోయారని ఆయనకి తెలియదు.

ఇది మొండితనం అనుకోకండి. నేనూ చాలాకాలం అలాగే అనుకుని ఆయనతో పోట్లాడాను. దీని వెనకాల మా తాత ఉన్నాడు.

మా తాత అసిరయ్య నాగావళి ఒడ్డున ఒక కామందు దగ్గర కంబారి. ఏడాదికింత ధాన్యం అని కట్టుబడిపోయిన పాలేరు. కంబారికి పండగ లేదు, జ్వరం లేదు, పెళ్లాం పురిటినొప్పులు లేవు. కళ్లం దగ్గర నుంచి కేకేస్తే పరుగెత్తాల్సిందే. క్రీస్తు మతంలో కలిసినప్పుడు పాస్టరు గారు చెప్పిన మాటల్లో తాతకి బాగా అర్థమైంది ఒక్కటే, వారానికి ఒక రోజు తనదని. ఆ తరవాత వచ్చిన మొదటి ఆదివారం కామందు కేకేస్తే తాత వెళ్లలేదు. గొడ్ల కట్టుగొయ్యకి కట్టి కొట్టారు. రెండో ఆదివారమూ వెళ్లలేదు. మళ్లీ కొట్టారు. ఎన్ని ఆదివారాలు అలా గడిచాయో నాన్న చెప్పడు. చివరికి కామందే అలిసిపోయాడు. అసిరయ్య ఇంట్లో ఆదివారం పొయ్యి మీద కూర ఉడుకుతుంది గానీ చేత్తో పని జరగదని ఊరంతా ఒప్పేసుకుంది. ఆ దెబ్బల కాలానికి నాన్నకి ఆరేళ్లు. అదీ సంగతి. ఆదివారమనేది మా ఇంటికి దెబ్బలతో వచ్చింది.

రెండువేల మూడు జూలైలో సుజన వచ్చింది. విశాఖపట్నంలో వానల మీద పరిశోధన చేసే అమ్మాయి. కొల్నార దాకా బస్సులో, అక్కడి నుంచి బురదలో నడిచి, చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చింది. అప్పటికి నేను రాయగడలో ఒక ఆస్పత్రిలో నర్సుని. సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను.

"మాస్టారూ, ఈ కొండల్లో ఇన్నేళ్లు తెగకుండా ఉన్న లెక్క మీదొక్కటే. దీన్ని పట్టుకుని చాలా పని చెయ్యొచ్చు. కానీ ఒక చిక్కుంది" అని ఆమె కాగితాలు విప్పింది.

ఒక దాంట్లో నాన్న వానలు. ఇంకో దాంట్లో కింద నాగావళిలో రోజూ కొలిచిన నీటిమట్టం. తొంభై ఆరు ఆగస్టులో ఒకచోట వేలు పెట్టింది. "ఆదివారం మధ్యాహ్నం ఏరు పొంగింది. మీ పుస్తకం ప్రకారం ఆదివారం సున్నా, సోమవారం నూట నలభై ఆరు. అంటే ఏరు ముందు పొంగింది, వాన తరవాత పడింది."

నేను గట్టిగా నవ్వాను. నాన్న నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని ఆ తేదీ చూశాడు. ఆ వరదలోనే మా అమ్మడత్త పశువుల సాల కొట్టుకుపోయింది. అమ్మడత్త నాన్న చెల్లెలు. ఇప్పటికీ ఆ ఊళ్లోనే, తాత కంబారి చేసిన ఊళ్లోనే, ఏటి ఒడ్డున ఉంటుంది. రెండు పాడిగేదెలు, విత్తనాల గాదె, అన్నీ పోయాయి. మనుషులు చింతచెట్టెక్కి బతికారు.

"ఆ నీరు నా సీసాలో ఉన్నదేనా?" అని అడిగాడు నాన్న.

"మీ సీసాలో పడిందే మీ కొండ మీదా పడింది. కొండ నుంచి మీ గెడ్డలోకి, ఆ వాగు నుంచి నాగావళిలోకి. ఆరేడు గంటల్లో అక్కడుంటుంది."

ఇరవై ఆరేళ్లుగా నాన్న ఆ నీళ్లని కరివేపాకు మొక్క దాకానే ఎరుగును. అటు తరవాత అవి ఎక్కడికి పోతాయో, అంతకు ముందు ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరూ ఆయనకి చెప్పలేదు. ఆయనా అడగలేదు.

మర్నాడు ఎనిమిదిన్నరకి సుజన ఆయన వెంట డబ్బా దగ్గరికి వెళ్లింది. నేనూ వెళ్లాను. పదకొండు మిల్లీమీటర్లు. గ్లాసు ఎత్తి పట్టుకుని ఉండగానే ఆమె చెప్పడం మొదలెట్టింది. ఈ నిమిషంలోనే, మాస్టారూ, దేశమంతా మీలాంటి వాళ్లు వేలమంది గ్లాసు ఎత్తి చూస్తూ ఉంటారు. కన్యాకుమారిలో ఒకరు, కాశ్మీరులో ఒకరు. అందరిదీ కలిపితేనే వాన మొహం కనిపిస్తుంది. ఈ గ్లాసులో నీళ్లలో ఎక్కువ భాగం ఈ దేశానివి కావు. భూమధ్యరేఖకి అవతల, ఆఫ్రికా పక్క సముద్రంలో ఆవిరైనవి. అక్కడ గాలి లేచి, ఆ ఖండం తూర్పు ఒడ్డు పట్టుకుని పైకి వచ్చి, కుడికి తిరిగి, అరేబియా సముద్రం దాటి, ఇక్కడికి వేల మైళ్లు వచ్చింది. మనవైపు నేల ఎండలకి కాలితేనే అది బయల్దేరుతుంది. అటు బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితే ఆ గాలి చుట్టు తిరిగి ఈ కొండలకి కొట్టుకుంటుంది. కొండ పైకి నెడుతుంది, పైన చలికి ఆవిరి నీరవుతుంది. పడిన దాంట్లో కొంత ఈ చెట్లు తాగి మళ్లీ ఆవిరి చేసి అవతలి కొండకి ఇస్తాయి. మిగిలింది గెడ్డ, నాగావళి, సముద్రం. మళ్లీ మొదలు. లోకానికి ఆ చివర, పెరూ దేశం పక్కన సముద్రం రెండు డిగ్రీలు వేడెక్కినా సరే, కిందటేడు జూలైలా మీ గ్లాసు అడుగంటవచ్చు.

నాన్న చెయ్యి దించలేదు. ఆయన మొహం నాకింకా గుర్తే. చిన్నప్పుడు నన్ను మొదటిసారి విశాఖపట్నం తీసుకెళ్లి సముద్రం చూపించినప్పుడు నా మొహం అలా ఉండి ఉంటుంది. గ్లాసులో వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పగా నేదే" అన్నాడు.

"ఉప్పు అక్కడే వదిలేసి వస్తుంది మాస్టారూ."

ఆ రోజు కరివేపాకు మొక్కకి నీళ్లు పొయ్యడానికి ఆయన చాలాసేపు తటపటాయించాడు.

వెళ్లే ముందు సుజన అసలు మాట చెప్పింది. కింద ఏటి ఒడ్డు ఊళ్ల కోసం వరద కబురు ఏర్పాటు చేస్తున్నారు. పైన కొండల్లో నూరు దాటి పడితే వెంటనే ఫోన్ చెయ్యాలి. మా ఊళ్లో చంద్రశేఖరం గారి కిరాణా కొట్టులో ఫోన్ ఉంది. నాన్న కంటే నమ్మకమైన మనిషి దొరకడు. "కానీ ఆదివారం కూడా కొలవాలి మాస్టారూ. వారంలో ఒక రోజు కళ్లు మూసుకునే కాపలా కాపలా కాదు. మీరు కాకపోతే ఆ ఒక్క రోజు వేరేవాళ్ల చేత కొలిపించండి."

"నాను కొలుస్తాను" అన్నాను వెంటనే.

"తాళం ఇవ్వను" అన్నాడు నాన్న. "నాను కూకుని నిన్ను పంపితే నాను కామందుని అయిపోనా అమ్మీ? ఆ రోజు మన ఇంట ఎవలికీ పని నేదు. మా అయ్య ఒంటి మీద సారలు నాను సూసేను."

"అత్త కొంప ములిగితేనో?"

నాన్న లేచి బడిలోకి వెళ్లిపోయాడు. నాకు ఎంత కోపం వచ్చిందంటే రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. సుజన మాత్రం ఫోన్ నంబరు రాసిన కాగితం అమ్మ చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ తరవాత ఆయనలో ఒక తిక్క మొదలైంది. బడిలో నల్లబల్ల మీద ఆఫ్రికా గీసి, మా ఊరి గెడ్డ గీసి, రెంటినీ సుద్దముక్కతో కలిపేవాడు. దేశియా మాట్లాడే కొండ పిల్లలు ఇళ్లకెళ్లి, మన వాన ఓడ లేకుండా సముద్రం దాటి వస్తుందట అని చెప్పుకునేవాళ్లు. కొండ మీద మబ్బు దిగుతూంటే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. ఒకసారి నన్ను చూడ్డానికి రాయగడ వచ్చి, వంతెన మీద నాగావళిని చూస్తూ గంటసేపు నిలబడిపోయాడు. ఎర్రటి నీరు, మధ్యలో కొట్టుకుపోతున్న కొమ్మలు.

"ఎంత పనమ్మీ! ఎంత పని జరగతంది! నాను సీసా మూత తీసి నీరు సూసేననుకున్నాను గానీ, ఏటీ సూడనేదు ఇన్నాళ్లూ" అన్నాడు.  ఆ గొంతు నేను ప్రార్థనలో తప్ప వినలేదు.

సందు దొరికింది కదా అని, "మరి ఆదివారం కొలుస్తావా?" అన్నాను.

"మా అయ్యకి ఏటని సెప్పను?" అన్నాడు. తాత పోయి ముప్పై ఏళ్లు.

ఆగస్టు మూడో వారం. శనివారం సాయంత్రం రేడియోలో బంగాళాఖాతంలో అల్పపీడనం వాయుగుండంగా మారిందన్నారు. నేను ఆఖరి బస్సులో కొల్నార దిగి, నడిచి ఊరికి వచ్చేశాను. ఎందుకొచ్చానో ఆయనకి తెలుసు, నాకూ తెలుసు.  వాన చీకటి పడగానే మొదలై తెల్లారేదాకా సన్నగిల్లలేదు. పొద్దున్న లేచేసరికి ఎదురుగా కొండ లేదు, మబ్బే ఉంది. గెడ్డ అరుపు ఇంట్లోకి వినిపిస్తోంది.

మా ఊళ్లో ఆరాధన ఎనిమిది గంటలకి. రేకుల పాక, ఇరవై మంది జనం. ఆ వానలో కూడా అందరూ తడిసి వచ్చారు. గంట కొట్టింది నాన్నే, వాక్యం చదువుతున్నదీ నాన్నే. రేకుల మీద చప్పుడికి ఆయన పెదాలు కదలడమే కనిపిస్తోంది తప్ప మాట వినిపించడం లేదు. నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. ఎనిమిదీ ఇరవై. ఎనిమిదీ ఇరవై ఐదు. అక్కడ అమ్మడత్త ఈ పాటికి పశువులకి కుడితి పెడుతూ ఉంటుంది. అక్కడ తుంపర కూడా పడి ఉండదు. ఏరు నిన్నటిలాగే ఉంటుంది. ఏం తెలుస్తుంది తనకి?

ఏడుపొచ్చింది నాకు. కోపంతో వచ్చిన ఏడుపు. ఆయన మొలతాడు తెంపైనా తాళం తీసుకోవాలనిపించింది.

నాన్న చదవడం ఆపాడు. తలెత్తి రేకుల వైపు చూశాడు. అలా చూస్తూనే ఉన్నాడు. చూసేవాళ్లు ప్రార్థన చేస్తున్నాడనే అనుకున్నారు. తరవాత పుస్తకం తెరిచింది తెరిచినట్టే బల్ల మీద బోర్లించి, గుమ్మం దాటి వానలోకి నడిచాడు. గొడుగు కూడా తీసుకోలేదు. నేను వెనకాలే పరుగెత్తాను. నా వెనకాల అమ్మ, అమ్మ వెనకాల పాకలో జనమంతా.

తాళం తీసేసరికి సీసా నిండి పొర్లి, నీళ్లు బయటి డబ్బాలోకి దిగి ఉన్నాయి. ఒక్క చుక్క కింద పడనివ్వలేదు ఆయన. గ్లాసు నింపి చూసి, వొంపి, మళ్లీ నింపి, అలా ఎన్నిసార్లో. నేను పైన దుప్పటి పట్టాను. జనం చుట్టూ నిలబడి చూస్తున్నారు. మా నాన్న ఎత్తి పట్టిన గ్లాసు వెనకాల గెడ్డ ఎర్రగా దూకుతోంది, దాని వెనకాల కొండంతా నీరై జారుతోంది, పైన మబ్బు సముద్రం దాకా పరుచుకుని ఉంది. అదంతా ఒకటే. ఆ గ్లాసుకి అంచు లేదనిపించింది. 

"రెండొందల పన్నెండు" అన్నాడు నాన్న.

చంద్రశేఖరం గారు కొట్టు తలుపు సగం తీసి, "ఈ వానలో ఏటి మాస్టారూ, ఉప్పు నిండుకుందా?" అన్నాడు. నాన్న తడిసిన చొక్కాతో లోపలికి దూరి ఫోన్ అందుకున్నాడు. సుజన ఇచ్చిన నంబరు మూడోసారికి కలిసింది. ఊరు పేరు, వారం, అంకె, రెండుసార్లు చెప్పాడు. తరవాత అమ్మడత్త ఊళ్లో టీ కొట్టుకి చేసి, చెల్లిని పిలవమన్నాడు. "గొడ్ల పలుపులు ఇప్పేయమ్మీ. బడి మిట్టకి పొండి అందరూను. ఇక్కడున్న వాన మొత్తం నీ దగ్గరికే వొస్తంది" అని ఒక్కటే మాట.

బయటికి వచ్చాక నా మొహం చూశాడు.  

"మా అయ్యని మనిసి పిలిసేడు. అందుకు ఆయన ఎల్లనేదు" అన్నాడు. "నన్నెవలూ పిలవనేదమ్మీ. నానే వొచ్చేను."

వెనక్కి వెళ్లి బోర్లించిన పుస్తకం తిప్పి, ఆపిన చోటి నుంచి చదివి ముగించాడు. ఎవరికీ వినిపించలేదు. అందరూ ఆఖరిదాకా కూర్చున్నారు.

సాయంత్రం ఐదు గంటలకి చంద్రశేఖరం గారు గొడుగేసుకుని స్వయంగా వచ్చి, ఫోన్ వచ్చిందన్నాడు. నాన్నతో నేనూ వెళ్లాను. అమ్మడత్త అరుస్తూ మాట్లాడుతోంది, పక్కనున్న నాకు కూడా వినిపిస్తోంది.

"అన్నియ్యా! మూడింటికి ఏరొచ్చేసింది. తొంబై ఆరు కంటే ఎత్తు. ఊరు సగం నీట్లో ఉంది గానీ, ఒక్క పురుగు పోనేదు. గొడ్లు కూడా మిట్ట మీదున్నాయి. కామందు మనవడు నేడా, ఆడు ట్రాక్టరు తెచ్చి ముసలోలందరినీ ఎక్కించేడు. ఆల పెద్దమ్మని కూడాను."

"ఆల గొడ్లు?" అన్నాడు నాన్న.

"దక్కేయి. ఆడు నన్ను అడిగేడు, పొద్దున్న ఫోన్ సేసిందెవలని. మా అన్నియ్య, అసిరయ్య కొడుకు, పైన కొండల్లో వాన కొలుస్తాడు అన్నాను. ఆడు నా మొకం ఒకలాగ సూసి, 'ఈయాల ఆదివారం గదా, అసిరయ్యోలు ఆదివారం పన్జెయ్యరు గదా' అన్నాడు. ఏటి సెప్పమంటావు ఆడికి?"

నాన్న రిసీవరు పట్టుకున్న చెయ్యి గుండె మీదికి దిగిపోయింది. యాభై ఏళ్లయింది. కొట్టినవాడు లేడు, దెబ్బలు తిన్నవాడూ లేడు. ఆ ఇంట్లో వాళ్లకి ఆ మాట గుర్తుంది. ఫోన్‌లో అమ్మడత్త హలో హలో అంటూనే ఉంది.

ఆయన రిసీవరు మళ్లీ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అవును, సెయ్యం" అన్నాడు. "ఇది పని కాదని సెప్పు."